డి-జెట్రానిక్ కారు మొరాయిస్తే ముందు ఏం చూడాలి?

పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొలిచి ఇంజన్‌కు చిమ్మే బాష్ కంపెనీ ఇంజెక్షన్ వ్యవస్థ డి-జెట్రానిక్ 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600తో రోడ్డెక్కింది. తర్వాత వోల్వో 1800ఇ, పోర్షే 914 వంటి కార్లలోనూ వచ్చింది. ఇప్పుడు వీటిలో ఏ చిన్న తేడా వచ్చినా దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే కంట్రోల్ యూనిట్ పోయిందని తేల్చేసి, వ్యవస్థ మొత్తాన్ని పీకించి కార్బ్యురేటర్ పెట్టించేవారున్నారు. చక్కగా పనిచేయగల యంత్రానికి అది అన్యాయం. విడి ట్రాన్సిస్టర్లతో కట్టిన ఆ అనలాగ్ పెట్టె పాడవడం అరుదు. పాడయ్యేవి దాని చుట్టూ ఉన్న తీగలు, రబ్బరు గొట్టాలు, స్విచ్చులు.

అన్నిటికంటే ముందు పెట్రోలు హోసులు చూడండి. వంచితే పగుళ్లు కనిపించినా, చేతికి తడి తగిలినా ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు. ఇంజెక్షన్ పీడనానికి తట్టుకునే కొత్త హోసులు వేసి, అగ్నిమాపక సిలిండర్ దగ్గర పెట్టుకున్నాకే మిగతా పని. బ్యాటరీ, ఎర్త్ తీగలు, ప్లగ్గులు, ఇగ్నిషన్ పాయింట్లు సరిగా ఉన్నాయని కూడా నిర్ధారించుకోండి. ఇంజెక్షన్ మీద పడే నిందల్లో చాలా వరకు అసలు ఇగ్నిషన్‌వే.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

తాళం తిప్పగానే పెట్రోలు పంపు ఒకటి రెండు సెకన్లు మోగి ఆగాలి. మోగకపోతే ఫ్యూజు, పంపు రిలే, పంపు దగ్గర వోల్టేజి వరుసగా చూడండి. మోగితే గేజి బిగించి పీడనం కొలవండి. సుమారు 2 బార్లు, అంటే 28 నుంచి 30 పీఎస్‌ఐ ఉండాలి. తక్కువైతే ఫిల్టరు, రెగ్యులేటరు, పంపు అనుమానితులు.

పీడనం బాగుంటే డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న ట్రిగ్గర్ పాయింట్లకు వెళ్లండి. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేవి ఇవే. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక పాయింటు రెండు ఇంజెక్టర్లను నడుపుతుంది కాబట్టి, అది మురికి పట్టితే సగం ఇంజనే పనిచేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్‌లో తడిపిన దళసరి కాగితాన్ని పాయింట్ల మధ్య లాగండి. గరుకు కాగితం, ఆకురాయి వద్దు. ఇంజెక్టర్‌ను పరీక్షించాలని 12 వోల్టులు నేరుగా ఇవ్వకండి, కాయిల్ కాలిపోతుంది.

ఐడ్లింగ్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజన్ వేగం) మరీ ఎక్కువ

ఇక్కడే చాలామంది మెకానిక్కులు దారి తప్పుతారు. 1974లో వచ్చిన బాష్ తర్వాతి వ్యవస్థ ఎల్-జెట్రానిక్ గాలి ప్రవాహాన్ని కొలుస్తుంది. ఎక్కడైనా గాలి లీకైతే దానికి లెక్క తెలియదు, మిశ్రమం పలుచబడి ఇంజన్ తడబడుతుంది. డి-జెట్రానిక్ కొలిచేది మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల) పీడనం. దొంగచాటుగా దూరిన గాలికి కూడా పీడనం పెరుగుతుంది, యూనిట్ దానికి తగ్గట్టు పెట్రోలు పెంచుతుంది, వేగం పెరుగుతుంది. కాబట్టి ఐడిల్ స్క్రూ జోలికి వెళ్లేముందు లీకు వెతకండి.

ఇంజన్ బాగా వేడెక్కాక చల్లని ఇంజన్‌కు అదనపు గాలి ఇచ్చే సహాయక గాలి వాల్వు హోసును వేళ్లతో నొక్కి పట్టండి. వేగం బాగా పడిపోతే ఆ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. పడకపోతే ఇన్‌టేక్ గాస్కెట్లు, ఇంజెక్టర్ సీళ్లు, బ్రేక్ బూస్టర్ హోసు చూడండి.

నల్లపొగ, పెట్రోలు వాసన

ఇంజన్ ఉష్ణోగ్రత సెన్సర్ కనెక్టర్ తీసి మల్టీమీటర్ పెట్టండి. 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు, వేడెక్కాక కొన్ని వందల ఓములు రావాలి. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది. ఇంజన్ గడ్డకట్టే చలిలో ఉందనుకుని యూనిట్ పెట్రోలు కుమ్మరిస్తుంది.

ఆ సెన్సర్ బాగుంటే మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే ప్రెషర్ సెన్సర్ వంతు. చేతి పంపుతో వాక్యూమ్ పెట్టి చూడండి. అది నిలవకపోతే లోపలి పలుచని డయాఫ్రం (పొర) పగిలినట్టే. కాయిళ్లలో ఒకటి సుమారు 90, మరొకటి 350 ఓములు చూపాలి. డయాఫ్రం మార్పించవచ్చు కానీ, సర్దుబాటు స్క్రూను మాత్రం ఊహ మీద తిప్పకండి. ఫ్యాక్టరీలో చేసిన అమరికను ఇంటి దగ్గర తిరిగి తేవడం చాలా కష్టం.

ఒకే వేగంలో వెళ్తుంటే కుదుపులు

థ్రోటల్ స్విచ్‌లో సన్నని రాగి పట్టీలుంటాయి. ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుని అరిగిపోతే, యాక్సిలరేటర్ కదలకపోయినా కదిలినట్టు యూనిట్‌కు సంకేతాలు వెళ్తాయి. ఆ స్విచ్ కనెక్టర్ తీసేసి నడపండి. పికప్ కొంచెం తగ్గినా కుదుపులు పోతే దోషి దొరికినట్టే. పట్టీలను శుభ్రం చేసి, అరిగి ఉంటే కొత్త పలక వేయించండి.

వేడి ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు మొరాయిస్తే, చల్లని ఇంజన్‌కు అదనపు పెట్రోలు చిమ్మే కోల్డ్ స్టార్ట్ వాల్వు కారుతోందేమో విప్పి చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నా తేడా పోకపోతే అప్పుడు కంట్రోల్ యూనిట్ దగ్గరికి రండి. బ్యాటరీ తీగ తీసి, యూనిట్ కనెక్టర్ ఊడదీసి, పిన్నులను క్లీనర్‌తో తుడిచి మళ్లీ గట్టిగా బిగించండి. అప్పటికీ ఫలితం లేకపోతే, అదే భాగం నంబరు ఉన్న మరో యూనిట్‌ను అడిగి తెచ్చి పెట్టి చూశాకే కొత్తదానికి డబ్బు పెట్టండి.