నెల్లూరు వేసవిలో బరోక్ ఒపేరా: ఐదు సాయంత్రాల శ్రవణోత్సవం జరుపుకునే విధానం

యూరప్‌లో వేసవి వచ్చిందంటే ప్రాచీన సంగీతోత్సవాల కాలం వచ్చినట్లే. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో, స్వరకర్త హాండెల్ జన్మస్థలమైన జర్మనీలోని హాలే పట్టణంలో, ఫ్రాన్స్‌లోని బోన్‌లో జరిగే ఉత్సవాలు సుమారు 1600 నుంచి 1750 వరకు, అంటే బరోక్ కాలంలో, రాసిన ఒపేరాలను, అనగా పాటలతో నడిచే గేయనాటకాలను, ఆ కాలపు వాద్యాలతో, ఆ కాలపు గాన పద్ధతిలో వినిపిస్తాయి. అక్కడికి వెళ్లగలిగినవారు వెళ్తారు. వెళ్లలేని మనబోటివారు ఒక తెర, రెండు స్పీకర్లు, పాతికమంది శ్రోతలు ఉంటే నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో ఐదు సాయంత్రాల చిన్న ఉత్సవం జరుపుకోవచ్చు. పద్యనాటకం చూడటానికి అలవాటుపడిన శ్రోతకు ఈ సంగీతం సగం తెలిసినదే అన్నది నా నమ్మకం. ఆ సగాన్ని ఆసరాగా చేసుకుని కార్యక్రమాన్ని రూపొందిస్తే మిగిలిన సగం క్రమంగా పట్టుబడుతుంది.

మొదట తేదీలు నిర్ణయించుకోవాలి. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కనుక సాయంత్రం ఆరున్నరకు ముందు ఎవరినీ రమ్మనకూడదు. ఎండకంటే పెద్ద అడ్డంకి పెళ్లిళ్ల మైకులు. పంచాంగం చూసి, గట్టి ముహూర్తాలున్న రోజులను విడిచిపెట్టాలి. ఆ ఏడు వేసవిలో మూఢం పడితే అంతకంటే అనువైన కాలం ఉండదు. పెళ్లివారికి పనికిరాని రోజులు మనకు పనికివస్తాయి.

వేదిక కోసం పురమందిరం వంటి పెద్ద సభాభవనాన్ని వెతకనక్కరలేదు. ఇటలీ స్వరకర్త మొంటెవెర్డి ఒపేరా 'ఓర్ఫెయో' 1607లో ఇటలీలోని మాంటువా రాజప్రాసాదంలో ఒక గదిలోనే తొలిసారి ప్రదర్శితమైంది. ఒక మేడ మీది డాబా చాలు. హార్ప్సికార్డ్, ల్యూట్ వంటి తంత్రీవాద్యాల నాదం సన్ననిది. సీలింగ్ ఫ్యాను చప్పుడుకే అది మరుగున పడిపోతుంది. అందుచేత ఫ్యాను లేకుండా గాలి ఆడే డాబా, లేదా తలుపులు మూసిన ఏసీ గది, ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఊరేగింపులకు తెచ్చే డీజే పెట్టెలను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. వాటిలో దరువు తప్ప తంత్రుల స్పష్టత ఉండదు. కరెంటు పోయినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టే అవస్థ లేకుండా ఇన్వర్టరును ముందుగానే సరిచూసుకోవాలి. స్వరకర్తలు పోయి శతాబ్దాలు గడిచినా రికార్డింగుల మీద హక్కులు ఇంకా ఉంటాయి కనుక, టికెట్టు పెట్టి బహిరంగంగా ప్రదర్శించదలచినవారు హక్కుదారుల అనుమతి తీసుకోవాలి.

రచనల ఎంపికలోనే ఉత్సవం నిలబడటమో కూలడమో తేలుతుంది. నాలుగు గంటల హాండెల్‌తో ప్రారంభిస్తే రెండో రోజు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అలాగని పది ఒపేరాల నుంచి పది పాటలు ఏరి వినిపించడం కూడా మంచిది కాదు, ఎందుకంటే కథ నుంచి విడదీసిన పాటలో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో శ్రోతకు తెలియదు. కాబట్టి మొదటి సాయంత్రం గంటలో ముగిసే ఇంగ్లండు స్వరకర్త పర్సెల్ రచన 'డైడో అండ్ ఈనియస్'ను పూర్తిగా వినిపించాలి. ఇది 1689 నాటికి లండన్ దాపున ఉన్న చెల్సియాలో ఒక బాలికల పాఠశాలలో ప్రదర్శితమైంది. చివరలో రాణి డైడో పాడే విలాపంలో, ఐదు ఆవర్తనాల మంద్రస్వర పంక్తి మెట్టు మెట్టుగా దిగుతూ మళ్లీ మళ్లీ వస్తుంటుంది. దాని మీద గొంతు మాత్రం ఎక్కడా ఆ పంక్తికి కట్టుబడకుండా సాగుతుంది. మొదట ఆ మంద్రపంక్తిని ఒక్కదాన్నే రెండుసార్లు వినిపించి, తరువాత పాట పెడితే, శ్రోతలు ఆ రోజే ఈ సంగీతానికి మూలమైన రహస్యాన్ని పట్టుకుంటారు: ఇక్కడ భవనమంతా కింది స్వరం మీద నిలుస్తుంది.

రెండో సాయంత్రం 'ఓర్ఫెయో'. మృత్యులోకానికి వెళ్లి భార్యను తెచ్చుకోబోయే భర్త కథ ఇది. మన సావిత్రి గెలిచినచోట ఇతడు వెనుదిరిగి చూసి ఓడిపోతాడు. మూడో అంకంలో నావికుణ్ణి వేడుకునే పాటకు మొంటెవెర్డి రెండు పాఠాలు ముద్రింపించాడు: ఒకటి సాదాది, రెండవది గమకాలతో నిండినది. సంగతులు వేయడం తెలిసిన మన శ్రోతలకు ఆ రెండు పంక్తుల తేడా వివరించనక్కరలేదు.

మూడో సాయంత్రాన్ని వాద్యాలకు కేటాయించాలి. వీణకు లోహపు మెట్లు మైనంలో స్థిరంగా అమర్చి ఉంటే, ఫ్రెంచి స్వరకర్త మారే రాసిన సంగీతానికి ప్రాణమైన వియోలా ద గాంబా అనే కమాను వాద్యానికి మెట్లు దండెకు చుట్టి కట్టిన పేగు తంత్రులే. బరోక్ వాద్యబృందాలు నేడు సాధారణంగా ‘ఎ’ స్వరాన్ని 440కి బదులు 415 హెర్ట్‌జ్‌కు శ్రుతి చేస్తాయి. అది ఒకటిన్నర శ్రుతిలో పాడేవారు ఒకటికి దిగినంత తేడా. ఊళ్లో సంగీతం నేర్చుకునే పిల్లలుంటే, పాశ్చాత్య బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలను ఒకటో రెండో ఈ సాయంత్రం ముందు పాడించడం బాగుంటుంది.

నాలుగో సాయంత్రానికి హాండెల్ 1724లో లండన్‌లో ప్రదర్శించిన 'జూలియో చేజారే'ను, అంటే జూలియస్ సీజర్ కథను, ఉంచాలి. మధ్యలో భోజన విరామం తప్పనిసరి. సీజర్ పాత్రను ఆనాడు పాడినవాడు సెనెసీనో. బాల్యంలోనే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపిన గాయకులలో ఒకడు. ఇప్పుడు ఆ పాత్రను స్త్రీలు గాని, కౌంటర్‌టెనర్లనే హెచ్చుస్థాయి పురుష గాయకులు గాని పాడుతారు. సేనాధిపతి నోట ఆ గొంతు విని మొదట నవ్వు వస్తే రానివ్వండి. స్థానం నరసింహారావు గారిని సత్యభామగా నమ్మిన రంగస్థలం మనది. పది నిమిషాలలో చెవి సర్దుకుంటుంది.

ఈ ఒపేరాలో పాటలు ఎక్కువగా మూడు భాగాలుగా ఉంటాయి. మొదటి భాగం ఒక భావం, రెండవది దానికి భిన్నమైనది, మూడవది మొదటిదే మళ్లీ, అయితే ఈసారి గాయకుని సొంత అలంకారాలతో. క్లియోపాత్రా బందీగా పాడే ‘పియంజెరో’ అనే పాట మందగతి శోకంతో మొదలై, ప్రతీకార కోపంతో మండి, తిరిగి శోకంలోకి వస్తుంది. మన పద్యనాటకాలలో ప్రేక్షకుడు ‘వన్స్ మోర్’ అని కేకవేసి రాబట్టుకునే పునరావృత్తిని ఇక్కడ స్వరకర్త ముందే రాసిపెట్టాడు. కనుక శ్రోతలు మూడో భాగం దగ్గర చెవులు రిక్కించాలి, అది బాగుంటే చప్పట్లు కొట్టాలి. ఆనాటి ప్రేక్షకులు పాట పాటకూ కొట్టేవారు. నిశ్శబ్దంగా కూర్చోవడం తరువాత వచ్చిన మర్యాద.

ప్రతి సాయంత్రానికి తెలుగులో ఒకే పుట కరపత్రం ఉండాలి. అందులో కథ ఎనిమిది వాక్యాలలో, పాత్రలెవరు, ఒక్కొక్క పాటకు ఒక్క వాక్యం భావం, అంతే. సంభాషణలను త్వరగా నడిపించే రెసిటెటివ్ వచ్చినప్పుడు కథ కదులుతుందనీ, పాట వచ్చినప్పుడు కాలం ఆగుతుందనీ పైన ఒక మాట రాస్తే చాలు. తెర మీద ఇంగ్లీషు వాక్యాలు ఎలాగూ వస్తాయి కాబట్టి పాట పూర్తి అనువాదం ఇవ్వబోతే కళ్లు కాగితానికే అతుక్కుపోతాయి.

విదేశీ ఉత్సవాల నుంచి ప్రత్యక్ష ప్రసారాలు దొరికినప్పుడు ఐదు సాయంత్రాలకు బయట వాటిని కలుపుకోవచ్చు. వేసవిలో ఇన్స్‌బ్రుక్‌లో రాత్రి ఎనిమిదికి మొదలయ్యేది మనకు పదకొండున్నరకు మొదలవుతుంది. బోస్టన్‌లో బేసి సంవత్సరాల జూన్‌లో జరిగే ఉత్సవంలో రాత్రి ఏడింటి ప్రదర్శన మనకు మరునాడు తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది, కాబట్టి దానికి వచ్చేవారు నలుగురైదుగురికి మించరు.

ఐదో సాయంత్రం తెర అవసరం లేదు. హాండెల్ 1759లో మరణించిన ఎనిమిదేళ్లకు పుట్టిన త్యాగరాజస్వామి పూర్వీకులది ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కాకర్ల. ఆయన రచించిన గేయనాటకం 'నౌకాచరిత్రం'లో యమునలో పడవ ఎక్కిన గోపికల గర్వం భంగమవుతుంది; కీర్తనలూ పద్యాలూ కలిసి కథను నడుపుతాయి. నాలుగు రోజులు పరదేశపు గేయనాటకాలు విన్న చెవితో దీన్ని వింటే, పద్యం ఎక్కడ కథను కదిలిస్తున్నదో, కీర్తన ఎక్కడ నిలుపుతున్నదో శ్రోతలే చెబుతారు. ఇందుకు స్థానిక గాయకులను నెల ముందే పిలిచి, నిడివికి తగినట్లు ఏ కీర్తనలు పాడాలో ఖరారు చేసుకోవాలి. వారి పారితోషికాన్ని కూడా ముందే మాట్లాడి, స్పీకర్ల అద్దెకంటే అది తక్కువ కాకుండా చూడాలి.