కమోడోర్ 64లో సంగీతం – 4వ పాఠం: ఒక్క గొంతుతో మూడు స్వరాలు

గత పాఠంలో కమోడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్‌లో ధ్వని పుట్టించే సిడ్ చిప్ మొదటి గొంతు (ఒకసారికి ఒక స్వరం పలికే ధ్వని మార్గం) చేత ఒక్క స్వరం పలికించాం. ఈసారి అదే గొంతులో స, గ, ప మూడూ కలిసి మోగుతున్నట్టు వినిపిద్దాం.

ఈ అవసరం ఎందుకు వచ్చిందంటే, సిడ్‌లో గొంతులు మూడే. బాస్‌కు ఒకటి, బాణీకి ఒకటి, డ్రమ్ములకు ఒకటి పంచితే కార్డ్‌కు (కలిసి మోగే స్వరాల గుంపుకు) మిగిలేదేమీ లేదు. 1982 నాటి ఇంటి కంప్యూటర్‌కు అదే ఎక్కువ. చిప్ రూపకర్త బాబ్ యానెస్ ప్రతి గొంతుకూ సొంత ఎన్వలప్ (స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పే అమరిక) కూడా ఇచ్చాడు. అయినా ఆటలకు సంగీతం కట్టేవాళ్లకు చాలలేదు. బ్రిటన్‌లో రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటివారు ఒకే గొంతులో స్వరాలను గబగబా మార్చి చెవిని మాయ చేశారు. పాల్ అనే టీవీ పద్ధతిలో తెర సెకనుకు 50 సార్లు మారుతుంది కాబట్టి స్వరాన్నీ అదే లెక్కన మార్చేవారు. ఇదే ఆర్పెజియో.

ఎమ్యులేటర్‌ను (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌ను) పాల్‌లో పెట్టుకోండి. ఎన్‌టీఎస్‌సీ అనే మరో టీవీ పద్ధతిలో చిప్ గడియారం వేగం ఎక్కువ, ఇవే అంకెలు అర స్వరస్థానానికి పైగా హెచ్చి పలుకుతాయి.

ముందు ఇవి (బేసిక్ భాషలో పోక్ అంటే మొదటి అంకె చిరునామాలో రెండో అంకెను ఉంచడం):
పోక్ 54296, 15
పోక్ 54277, 0
పోక్ 54278, 240
పోక్ 54276, 33

ఇప్పుడు స్వరాలు. 54272, 54273లలో వరుసగా షడ్జమానికి 103, 17. అంతర గాంధారానికి 237, 21. పంచమానికి 19, 26. ఒక్కో జత తర్వాత కాసేపు ఆగేందుకు ఖాళీ ఫర్–నెక్స్ట్ లూప్ పెట్టి, చివర్లో మళ్లీ షడ్జమానికి గోటూ రాయండి. లూప్ లెక్క 200 అయితే మూడూ విడివిడిగా తెలుస్తాయి. 50కి దింపండి, ఆపై 10కి. అక్కడ స్వరాలు ఒకదానిలో ఒకటి కరిగి గలగలమనే కార్డ్ అవుతుంది.

33 అంటే 32 + 1. ఆ 1 గేట్, అంటే స్వరాన్ని మోగించే, ఆపే స్విచ్. లూప్ బయట ఒక్కసారే తెరవాలి. ప్రతి స్వరానికీ 32 పెట్టి మళ్లీ 33 పెడితే మూడు మీటలు వేరువేరుగా కొట్టినట్టే ఉంటుంది, కలయిక పోతుంది.

చెవి పెట్టి వింటే మధ్యలో చిన్న గీరుడు శబ్దం తగులుతుంది. తప్పు మీది కాదు, బేసిక్ నెమ్మది. గాంధారం నుంచి పంచమానికి వెళ్లేటప్పుడు ముందు 19 మారుతుంది, 21 ఇంకా అలాగే ఉంటుంది. కొన్ని మిల్లీసెకన్లు చిప్‌లో ఉన్నది 5395 (21ని 256తో హెచ్చించి 19 కలిపితే), అంటే గాంధారం కన్నా కింది శ్రుతి. పైకి ఎక్కాల్సినది ఒక మెట్టు దిగి ఎక్కుతుందన్నమాట.

ప్రోగ్రామ్ ఆపినా మోత ఆగదు. పోక్ 54276, 32 కొట్టండి.

అభ్యాసం: గాంధారం బదులు సాధారణ గాంధారం, అంటే 178, 20 పెట్టి కార్డ్ రంగు ఎలా మారిందో వినండి. తర్వాత 33 స్థానంలో 65 (పల్స్ అనే మరో తరంగ ఆకారం) ఇవ్వండి. నిశ్శబ్దమైతే పల్స్ వెడల్పు ఉండే 54275లో 8 వేయడం మరిచారు. ఆ గీరుడు శబ్దాన్ని మెషిన్ కోడ్ ఇంటరప్ట్‌తో వచ్చే పాఠంలో తొలగిద్దాం.