సెలవుల్లో ఒక కొత్త సాహసం: భయాన్ని మెట్టుమెట్టుగా దాటే విధానం

కుటుంబమంతా కలిసి విహారయాత్రకు వెళ్లినప్పుడు, తీగకు వేలాడుతూ జారే జిప్‌లైన్ మీద లోయ దాటుదామనో, సముద్రపు నీటిలో ముఖం ముంచి చేపలను చూద్దామనో ఎవరో ఒకరు ఉత్సాహపడతారు. అందరూ బయలుదేరాక ఒకరు మాత్రం సామాను చూసుకుంటానని చెప్పి గట్టునే ఉండిపోతారు. అలా ఉండిపోయేది మీరైనా, మీ ఇంట్లో మరొకరైనా, ఇక్కడ చెప్పే పద్ధతి ఉపయోగపడుతుంది. భయం పూర్తిగా పోయాక సాహసం చేద్దామని కూర్చుంటే భయం పోదు. భయం ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, తట్టుకోగలిగినంత చిన్న అడుగు వేసి, ఆ అడుగు దగ్గరే కొంతసేపు నిలబడగలిగితే అది తగ్గడం మొదలవుతుంది.

ప్రమాదం ఉందని మెదడు భావించగానే అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, కాళ్లు వణుకుతాయి. ఇవన్నీ శరీరం పోరాటానికో, పారిపోవడానికో సిద్ధపడుతున్న గుర్తులే తప్ప నిజంగా ప్రమాదం జరుగుతోందనడానికి రుజువులు కావు. ఈ ఉద్ధృతి ఎంతోసేపు అదే స్థాయిలో నిలవదు కూడా. అయితే అది పతాకస్థాయిలో ఉన్నప్పుడు వెనక్కి వచ్చేస్తే, ఆ క్షణంలో కలిగే గొప్ప ఊరట మెదడుకు ఒక తప్పుడు పాఠం నేర్పుతుంది: తప్పించుకున్నాను కాబట్టే క్షేమంగా ఉన్నాను అని. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పాఠం మరింత బలపడుతుంది. అందువల్లనే ఏళ్ల తరబడి నీటి దగ్గరికి వెళ్లనివారికి నీటి భయం దానంతట అదే పోదు.

దీనికి విరుగుడు చాలాకాలంగా తెలిసినదే. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లవాడితో చేసిన ప్రయత్నాన్ని ప్రచురించారు. పిల్లవాడు తనకు ఇష్టమైనది తింటూ ఉండగా పంజరంలోని కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ వచ్చారు. కుందేలంటే భయం లేని పిల్లలను కూడా అతని పక్కన ఆడనిచ్చారు. చివరికి పీటర్ దాన్ని చేతులతో నిమరగలిగాడు. 1958లో జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు ఈ మార్గాన్ని ఒక క్రమబద్ధమైన చికిత్సా విధానంగా వివరించారు. కుటుంబ విహారయాత్ర చికిత్స కాదు, కానీ ఈ ప్రయత్నాల్లోని రెండు అంశాలను, అంటే మెట్లుగా విడగొట్టుకోవడాన్నీ, భయపడని ఆత్మీయులు పక్కన ఉండడాన్నీ, సెలవుల్లో ఎవరైనా అనుసరించవచ్చు.

ముందుగా సాహసాన్ని ఎంచుకోవడంలోనే జాగ్రత్త అవసరం. నా దృష్టిలో, భయపడేవారు మొదటిసారి చేయదగినది మధ్యలో ఆగడానికి వీలున్న సాహసమే. ఎత్తు నుంచి తాడుతో దూకే బంగీ జంపింగ్‌లో మధ్య మెట్టు అంటూ లేదు. దూకడమో, దూకకపోవడమో రెండే ఉంటాయి. మాస్కు పెట్టుకుని, గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, ముఖం నీటిలో ఉంచి చేపలను చూసే స్నార్కెలింగ్, గోడ మీద తాడు రక్షణతో ఎక్కడం, చిన్న గుర్రం మీద నడకతో మొదలుపెట్టే స్వారీ వంటివి అలా కావు, వాటిని ఎన్ని ముక్కలుగానైనా విడగొట్టుకోవచ్చు. రబ్బరు పడవలో ప్రవాహం మీద సాగే నదీ రాఫ్టింగ్‌కు వెళ్లేటట్లయితే ప్రవాహాల కష్టాన్ని 1 నుంచి 6 వరకు తరగతులుగా లెక్కిస్తారని గుర్తుంచుకుని, మొదటిసారి 1 లేదా 2వ తరగతి ప్రవాహాన్నే అడగండి. భయాన్ని దాటడమంటే నిజమైన ప్రమాదాన్ని లెక్కచేయకపోవడం కాదు. శిక్షణ పొందిన గైడ్ ఉన్నారా, లైఫ్ జాకెట్, హెల్మెట్, హార్నెస్ (ఒంటికి బిగించే రక్షణ పట్టీలు) మీ శరీరానికి సరిపోతున్నాయా, వాతావరణం అనుకూలంగా ఉందా అని ముందే నిర్మొహమాటంగా అడగాలి. సమాధానాలు సంతృప్తికరంగా లేకపోతే వెనుదిరగడం వివేకమే. గుండె జబ్బు, మూర్ఛ, గర్భం, ఇటీవలి శస్త్రచికిత్స వంటివి ఉన్నప్పుడు బయలుదేరేముందే వైద్యుని సలహా తీసుకోండి.

ప్రయాణానికి ముందు ఒక కాగితం మీద, ఏమి జరుగుతుందని మీరు భయపడుతున్నారో స్పష్టంగా రాసుకోండి. ‘ఏదో అవుతుంది’ అని రాస్తే ప్రయోజనం లేదు. ‘ముఖం నీళ్లలో పెట్టగానే ఊపిరాడదు, కంగారులో నిలదొక్కుకోలేను’ అన్నంత వివరంగా ఉంటే, తరువాత దాన్ని జరిగినదానితో పోల్చి చూసుకోగలరు. ఆ తరువాత మెట్లు రాసి, ఒక్కొక్క మెట్టు తలచుకుంటే ఎంత భయం కలుగుతోందో 0 నుంచి 100 మధ్య ఒక అంకె వేసుకోండి. 30, 40 దగ్గర ఉన్న మెట్టుతో మొదలుపెట్టడం మంచిది. ఊపిరి పీల్చే సమయం కంటే వదిలే సమయం ఎక్కువగా ఉండేలా, నాలుగు అంకెలు లెక్కించేవరకు పీల్చి, ఆరు అంకెలు లెక్కించేవరకు నెమ్మదిగా వదలడం రోజూ సాధన చేయండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అలవాటు కాని ఊపిరి కంగారులో అక్కరకు రాదు.

స్నార్కెలింగ్‌నే తీసుకుంటే మొదటి మెట్టు ఒడ్డునే ఉంటుంది. మాస్కును పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. చేయి వదిలినా అది ముఖానికి అంటుకునే ఉంటే సరిపోయిందని అర్థం. దాని అంచు కింద వెంట్రుకలు చిక్కుకుంటే నీరు లోపలికి వస్తుంది, మొదటిసారి భయపడినవారిలో చాలామందిని వెనక్కి పంపేది ఆ కాసిని నీళ్లే. తరువాత గొట్టాన్ని నోట పెట్టుకుని, నీటిలోకి దిగకుండానే, నోటితో మాత్రమే ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోండి. మూడో మెట్టుగా నడుము లోతు నీటిలో, కాళ్లు నేలకు ఆనించి, తోడున్నవారి చేయి పట్టుకుని, ముఖాన్ని మాత్రం నీటిలో ఉంచండి. మొదటి కొద్ది ఊపిరుల్లో శరీరం ‘ఆగు’ అని గట్టిగా హెచ్చరిస్తుంది. అక్కడే నిలబడి నెమ్మదిగా వదిలే ఊపిరిని లెక్కించండి. గొట్టంలోకి నీరు వస్తే కంగారుపడకుండా ఒక్కసారి బలంగా ఊదితే అది పై నుంచి బయటికి పోతుంది; దీన్ని లోతు లేనిచోటే కావాలని చేసి చూసుకోవాలి. ఆ తరువాత లైఫ్ జాకెట్‌తో అదే లోతులో తేలడం, చివరిగా గైడ్ పక్కన కొంచెం ముందుకు వెళ్లడం. ప్రతి మెట్టు దగ్గరా భయం మొదట వేసుకున్న అంకెలో దాదాపు సగానికి తగ్గేవరకు ఆగి, అప్పుడే తరువాతి మెట్టుకు వెళ్లండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ దిగకూడదు.

ఎత్తు భయానికి కూడా ఇదే వర్తిస్తుంది. నేల మీదే హార్నెస్ వేసుకుని దాని మీద బరువు మోపి చూడడం, ఇతరులు దిగుతుంటే పూర్తిగా గమనించడం, తక్కువ ఎత్తులోని సాధన తాడుంటే ముందు దాని మీద వెళ్లడం వంటివి మెట్లవుతాయి.

ఇక కుటుంబం చేయవలసినదాని గురించి కాస్త విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే ప్రయత్నాలు చాలావరకు విఫలమయ్యేది అక్కడే. ‘ఇంత చిన్న దానికేనా?’ అని నవ్వడం, వెనుక నుంచి నెట్టడం, పిల్లల ముందు పందెం కట్టడం వంటివి భయాన్ని తగ్గించవు, దానికి అవమానాన్ని కూడా జోడిస్తాయి. తానుగా వేసిన అడుగు నేర్పే పాఠాన్ని బలవంతపు అడుగు నేర్పలేదు. మరోవైపు పిల్లలు పెద్దల ముఖాలను ఎంత శ్రద్ధగా చదువుతారో 1985లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. దృఢమైన గాజు పలక కింద కొద్దిపాటి లోతు కనిపించేలా అమర్చి, ఏడాది వయసు పసివాళ్లను ఒకవైపు కూర్చోబెట్టారు. తల్లి రెండోవైపు నిలబడింది. తల్లి ముఖంలో సంతోషం చూసిన 19 మందిలో 14 మంది పాకుతూ దాటారు, భయం చూసిన 17 మందిలో ఒక్కరూ దాటలేదు. కాబట్టి బిడ్డ సాహసం చేస్తున్నప్పుడు మీ ముఖం ప్రశాంతంగా ఉండడం మీ మాటలన్నిటికంటే విలువైనది. మీకే భయంగా ఉంటే దాన్ని దాచి నటించనవసరం లేదు. ‘నాకూ కొంచెం భయంగానే ఉంది, అయినా నెమ్మదిగా ప్రయత్నిస్తాను’ అని చెప్పండి. భయంతోనే ఎలా ముందుకు వెళ్లాలో బిడ్డ మీ నుంచి నేర్చుకుంటుంది. భయపడేవారి పక్కన ఒక్కరే తోడుండాలి, మిగిలినవారు తలో సలహా అరవకూడదు. ఆగాలనుకున్నప్పుడు చూపే సంజ్ఞను ముందే నిర్ణయించుకుని, అది కనిపించిన వెంటనే ప్రశ్నించకుండా ఆపాలి. ఆపుతారన్న నమ్మకం ఉంటేనే మనిషి ఇంకొంచెం ముందుకు వెళ్తాడు. అనుమతి లేకుండా వీడియో తీయవద్దు.

అయినా మధ్యలో భయం మించిపోవచ్చు. అప్పుడు ఒక్కసారిగా గట్టుకు పరుగెత్తకుండా, ఒక మెట్టు మాత్రమే వెనక్కి వచ్చి, ఉదాహరణకు తేలడం మాని కాళ్లు నేలకు ఆనించి, అక్కడ ఊపిరి కుదుటపడేవరకు నిలబడి, తరువాత బయటికి రండి. నెమ్మదించాక బయటికి వచ్చినవారు తిరిగి దిగడానికి సిద్ధపడడం సులభం.

ఆ సాయంత్రమే కాగితం తీసి, మీరు ఊహించినదాన్నీ జరిగినదాన్నీ పక్కపక్కన చూసుకోండి. పాత భయపు జ్ఞాపకం చెరిగిపోదు. దాని పక్కన క్షేమంగా ఉన్నానన్న కొత్త జ్ఞాపకం ఏర్పడుతుంది, అది ఒకే చోటికి, ఒకే సందర్భానికి ముడిపడి ఉండిపోయే అవకాశం ఉంది. అందుకే అదే సెలవుల్లో రెండోసారి, వీలైతే వేరొక తీరంలో లేదా వేరొక వేళలో చేయాలి. ఈ కారణంగా సాహసాన్ని ప్రయాణంలో ఆఖరి రోజుకు వాయిదా వేయకండి; బాగా నిద్రపోయిన మరునాడు, తేలికగా తిని, మద్యం జోలికి పోకుండా, తొలి రోజుల్లోనే పెట్టుకోండి. పేరు వింటేనే వణుకు పుట్టి, నెలల తరబడి రోజువారీ పనులు కూడా మానుకునేంత తీవ్రమైన భయం ఉన్నవారు మాత్రం సెలవుల దాకా ఆగకుండా మనస్తత్వ నిపుణులను కలవాలి. ఇవే మెట్లను వారి పర్యవేక్షణలో, మరింత చిన్నవిగా చేసుకుని ఎక్కవచ్చు.