కార్ల కంపెనీ ఇచ్చే రీకాల్ రిపోర్టు ఎలా చదవాలి?

2024 ఫిబ్రవరి మొదట్లో టెస్లా అమెరికాలో దాదాపు 22 లక్షల కార్లను రీకాల్ చేసింది, అంటే తప్పు సరిచేస్తామని వెనక్కి పిలిచింది. హెడ్‌లైన్ చూసినవాళ్లు బ్రేకులే ఫెయిలయ్యాయేమో అనుకున్నారు. అసలు సంగతి వేరు. బ్రేకు, పార్కింగ్, ఏబీఎస్ హెచ్చరికలు తెరమీద కనిపించే అక్షరాలు మరీ చిన్నవి. కనీసం 3.2 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలని రూల్, అంత లేవు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు, ఎవరూ సర్వీస్ సెంటర్‌కి వెళ్లక్కర్లేకపోయింది.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పేపర్లో ఓ మూల రెండు లైన్ల వార్తగా వచ్చిన రీకాల్‌లో స్టీరింగే ఊడొచ్చే ప్రమాదం ఉండొచ్చు. అందుకే వార్తతో ఆగకుండా కంపెనీ ప్రభుత్వానికి రాసిచ్చిన రిపోర్టే చదవడం మంచిది. అమెరికాలో ఈ రిపోర్టులు వాహన భద్రతను చూసే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో అందరికీ ఉచితంగా దొరుకుతాయి. చాలావరకు కొద్ది పేజీలే. చదివే పద్ధతి ఒకసారి పట్టుబడితే పది నిమిషాల పని.

1. ముందు బండి నంబరు తీసుకోండి

నంబర్ ప్లేటు మీది నంబరు కాదు, 17 అక్షరాలూ అంకెలూ కలిసిన విన్ నంబరు. మనవాళ్లు ఛాసిస్ నంబరు అనేది దీన్నే. డ్రైవర్ వైపు, ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డు అంచున ఉంటుంది. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన పిల్లర్ మీది స్టిక్కర్‌పైనా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఇందులో వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించింది సున్నానే, ఓ అని కొట్టకండి.

ఎలాగూ డోరు తెరిచారు కాబట్టి ఆ స్టిక్కర్ మీద ఉన్నది కూడా చదవండి. అమెరికాలో అమ్మే కారైతే, తయారైన నాటికి అమల్లో ఉన్న భద్రతా ప్రమాణాలన్నిటికీ ఈ బండి సరిపోతుందని రాసి ఉంటుంది. ఆ మాట ఇచ్చేది కంపెనీయే. అక్కడ అమ్మకానికి ముందు ప్రభుత్వం టెస్ట్ చేసి ముద్ర వేయదు. యూరప్‌లో పద్ధతి వేరు, ముందే ఆమోదం కావాలి. హెడ్‌లైట్ అద్దం మీద సున్నా చుట్టిన 'ఇ' అక్షరం, పక్కన ఒక అంకె కనిపిస్తే అది ఆ ఆమోదం గుర్తే. 1 ఉంటే జర్మనీ ఇచ్చింది, 2 అయితే ఫ్రాన్స్.

2. రిపోర్టు వెతకండి

సైట్లో విన్ నంబరు కొడితే ఇంకా రిపేరు కాని రీకాల్సే చూపిస్తుంది. ఏమీ చూపించలేదంటే ఎప్పుడూ రీకాల్ కాలేదని కాదు, అయిన రిపేర్లు ఆ జాబితాలో ఉండవు. పాత చరిత్ర కావాలంటే కంపెనీ, మోడల్, సంవత్సరం పెట్టి వెతకాలి. సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నప్పుడు రెండూ చేయండి.

ప్రతి రీకాల్‌కీ ఒక నంబరుంటుంది. మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి అక్షరం 'వి' అయితే వాహనం, 'టి' అయితే టైరు, 'ఇ' అయితే విడిగా అమ్మే పరికరం.

3. లోపమా, రూల్ తప్పడమా?

ఈ రెండూ ఒకటి కావు. రూల్ తప్పడమంటే కొలిచి చెప్పగలిగేది. రివర్స్ గేరు వేసిన 2 సెకన్లలో వెనక కెమెరా బొమ్మ తెరమీదికి రావాలని అమెరికా భద్రతా ప్రమాణాల్లో 111వది చెబుతుంది. రాకపోతే తప్పినట్టే, ప్రమాదం జరిగిందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఇలాంటప్పుడు రిపోర్టులో ఆ ప్రమాణం నంబరు వేస్తారు. లోపం అలా కాదు. ఏ రూల్ నంబరుతోనూ పని లేకుండా, భద్రతకు ముప్పు ఉంటే చాలు. జపాన్ కంపెనీ టకాటా చేసిన ఎయిర్‌బ్యాగుల వ్యవహారం ఈ రకం. గ్యాస్ పుట్టించడానికి లోపల పెట్టిన అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకీ చెడిపోయి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు దాన్ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ పగిలి ఇనుప ముక్కలు మనుషుల మీదికి దూసుకొచ్చాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను రీకాల్ చేశారు.

4. రెండు అంకెలను కలిపి చూడండి

ఒకటి, ఎన్ని బండ్లను పిలుస్తున్నారు. రెండోది, వాటిలో లోపం నిజంగా ఉండేది ఎంత శాతమని కంపెనీ అంచనా. 2 లక్షల బండ్లు, 1 శాతం అని ఉంటే రెండు వేల బండ్లలో సమస్య ఉందన్నమాట. ఏ రెండు వేలో తెలియదు కాబట్టే అందర్నీ రమ్మంటున్నారు. 100 శాతం అని ఉంటే సాధారణంగా డిజైన్‌లోనో సాఫ్ట్‌వేర్‌లోనో తప్పుందని అర్థం. '1 శాతమేగా' అని వదిలేసేవాళ్లను చూశాను. తమ బండి ఆ ఒకటిలో లేదని వాళ్లకెవరు చెప్పారో మరి.

5. తేదీల దగ్గర ఆగండి

నన్నడిగితే రిపోర్టు మొత్తంలో అసలు సరుకు ఇక్కడే ఉంటుంది. క్రోనాలజీ అనే భాగంలో సమస్య ఎప్పుడు తెలిసింది, ఎవరు పరీక్షించారు, ఎప్పుడు నిర్ణయం తీసుకున్నారు అన్నది కంపెనీయే వరసగా రాయాలి. చట్టం ప్రకారం లోపం ఉందని తేల్చుకున్నాక 5 పని దినాల్లో రిపోర్టు ఇవ్వాలి. మెలిక 'తేల్చుకున్నాక' అన్న మాటలో ఉంది. ఐదు రోజుల గడియారం అప్పుడే మొదలవుతుంది. దానికి ముందు మీటింగుల్లో ఎన్నాళ్లు నానిందో ఈ తేదీలే బయటపెడతాయి.

ఒక కాగితం తీసుకుని తేదీలు ఒకదాని కింద ఒకటి రాయండి. మొదటి ఫిర్యాదు, మొదటి పరీక్ష, తుది నిర్ణయం. వాటి మధ్య నెలలు లెక్కపెట్టండి. వారంటీ క్లెయిములు వరసగా వస్తుంటే ఏడాదిన్నర పాటు 'పరిశీలన కొనసాగింది' అని ఉందంటే ఆలోచించాల్సిందే. జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ కేసులో జరిగింది ఇదే. నడుస్తున్న కారులో తాళం జారి ఇంజిన్ ఆగిపోయేది, దాంతో ఎయిర్‌బ్యాగులూ పనిచేయవు. 2004 ప్రాంతంలోనే ఇంజినీర్ల దృష్టికి వచ్చిన సమస్యకు రీకాల్ 2014లో వచ్చింది. మధ్యలో స్విచ్ మార్చారు గానీ పార్ట్ నంబరు మార్చలేదు, దాంతో పాతదేదో కొత్తదేదో కనిపెట్టడమే కష్టమైంది. ఆలస్యంగా చెప్పినందుకు 3.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. కంపెనీ పెట్టిన పరిహార నిధి లెక్కల్లో 124 మంది చనిపోయారు.

6. మీరు చేయాల్సింది ఏమిటో చూడండి

ప్రమాదం, ముందస్తు హెచ్చరిక అనే రెండు భాగాలు పక్కపక్కనే చదవండి. లైటు వెలుగుతుందనో, శబ్దం వస్తుందనో ఉంటే కాస్త నయం. హెచ్చరికేమీ ఉండదని రాస్తే తొందరపడాలి. 'నడపొద్దు', 'ఇంటికి దూరంగా ఆరుబయట పార్క్ చేయండి' అన్న మాటలు కనిపిస్తే ఆ రోజే షోరూమ్‌కి ఫోన్ చేయండి. రిపేరు ఉచితం. అమెరికాలో బండి మొదటిసారి అమ్మిన రోజు నుంచి 15 ఏళ్ల వరకు ఈ హక్కు ఉంది. 'పరిష్కారం తయారవుతోంది' అని రాస్తే పార్టులు ఇంకా రాలేదన్నమాట.

ఒక జాగ్రత్త. పేరు ఒకటే అయినా వేరే దేశంలో తయారైన కారులో వేరే సప్లయర్ పార్టు ఉండొచ్చు. కాబట్టి అమెరికా రిపోర్టు చూసి మీ బండికీ అదే అనుకోవద్దు, అది కాదనీ అనుకోవద్దు. సప్లయర్ పేరు, పార్ట్ నంబరు, తయారైన తేదీలు రాసుకుని మీ దేశంలోని డీలర్‌ని అడగండి.

7. మీకే సమస్య ఎదురైతే

రీకాల్ లేకపోయినా ఫిర్యాదు పెట్టొచ్చు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాటిని చదువుతుంది, ఇలాంటి ఫిర్యాదులు పోగుపడే దర్యాప్తులు మొదలవుతాయి. అమెరికాలో 2000లో వచ్చిన ట్రెడ్ అనే వాహన భద్రతా చట్టం తర్వాత పెద్ద కంపెనీలు కూడా మరణాలు, గాయాలు, ఫిర్యాదులు, వారంటీ క్లెయిముల లెక్కలు మూడు నెలలకోసారి ఇవ్వాల్సి వస్తోంది. 'బ్రేకు సరిగా లేదు' అని రాస్తే ఎవరికీ పనికిరాదు. తేదీ, విన్ నంబరు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిన బండి, ఎంత వేగంలో ఉన్నారు, పెడల్ నొక్కితే గట్టిగా ఉందా లేక నేలకి దిగిపోయిందా, ఏ లైటు వెలిగింది, ఇవి రాయండి. మెకానిక్ మార్చిన పాత పార్టు పారేయనివ్వకండి, కవర్లో పెట్టి దాచండి.