దూరం పెరిగేకొద్దీ తూటాలు పక్కకు పోతున్నాయా? ముందు స్కోప్‌లోని గురి గీతలను (రెటికిల్‌ను) చూడండి

లక్షణం: 100 మీటర్ల వద్ద జీరో (గురి పెట్టిన చోటే తూటా పడే అమరిక) చక్కగా కుదిరిన రైఫిల్, 600 మీటర్లు దాటేసరికి తూటాలను ప్రతిసారీ ఒకే పక్కకు వేస్తుంది. స్కోప్ మీద ఎత్తు సరిచేసే టరెట్‌ను ఎన్ని మిల్స్ (ఒక మిల్ అంటే 100 మీటర్ల వద్ద 10 సెంటీమీటర్లు) పైకి తిప్పితే ఆ తేడా అంత పెరుగుతుంది. గాలి వల్ల అయితే రోజుకో రకంగా ఉంటుంది, పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనబడడం) వల్ల అయితే తూటాలు నలుదిక్కులా చెదురుతాయి. ఎత్తు సవరణ పెరిగేకొద్దీ ఒకే పక్కకు జరుగుతున్నాయంటే, ముందుగా అనుమానించవలసింది స్కోప్‌లోని నిలువు గీతనే.

కారణం: ఆ గీత పైకొన కుడికి వాలి ఉంటే, మీరు తిప్పిన ఎత్తు సవరణలో కొంత భాగం కుడివైపు సవరణగా మారిపోతుంది. వాలు ఒక్క డిగ్రీ ఉన్నా, 10 మిల్స్ తిప్పినప్పుడు 1000 మీటర్ల వద్ద తూటా సుమారు 17 సెంటీమీటర్లు పక్కన పడుతుంది.

ఈ వాలు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు విషయం. చాలామంది రైలు (స్కోప్‌ను అమర్చే, రైఫిల్ పైనున్న పట్టీ) మీద రసమట్టం పెట్టి రైఫిల్‌ను సరిచేసి, రెటికిల్‌ను దానికి కలిపి, స్కోప్‌ను పట్టి ఉంచే రింగుల మరలు బిగించి, చివరగా స్కోప్ గొట్టానికి బుడగ (చిన్న బుడగ మట్టం) తగిలించి దానిని కూడా రైలుకే సరిచేస్తారు. అయితే పై సగం, కింద సగంగా ఉండే రింగుల్లో కుడివైపు మరలను ముందుగా గట్టిగా బిగిస్తే, మూత ఆ పక్కకు దిగుతూ గొట్టాన్ని కూడా తనతో పాటు కుడికి తిప్పుతుంది. బుడగ మాత్రం నడిమధ్యనే నిలిచి అంతా బాగుందని చెబుతుంది. నేను ఒక సీజన్ మొత్తం గాలి లెక్కలు దిద్దుకుంటూ గడిపాను; చివరకు తూకం గుండు (దారానికి కట్టిన బరువు) వేలాడదీసి చూస్తే, దారానికీ నిలువు గీతకూ మధ్య సన్నని చీలిక పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ స్పష్టంగా కనబడింది. బిగించిన తర్వాత మరొకసారి స్కోప్‌లోకి చూసి ఉంటే ఆ చీలిక మొదటి రోజే దొరికేది. ఇప్పటికీ నా దగ్గరకు వచ్చే రైఫిళ్లలో ఎక్కువ వాటికి ఈ ఒక్క చూపే కరువై ఉంటుంది.

పరిష్కారం: బోల్ట్ తీసి రైఫిల్‌ను స్టాండులో కదలకుండా బిగించండి. గాలి ఆడని చోట, 20 మీటర్ల అవతల దారానికి బరువు కట్టి వేలాడదీసి, నిలువు గీతను దానిపై కలపండి. మరలను ఒకదానికి ఎదురుగా మూలన ఉన్నదాన్ని ఎంచుకుంటూ, ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున, రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా బిగించండి. ప్రతి విడత తర్వాత దారాన్ని చూడండి. చివరి బిగింపు రింగుల తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) మించకూడదు. అది పూర్తయి, గీత దారంతో కలిసే ఉందని మళ్లీ చూసుకున్న తర్వాతే బుడగను తగిలించి, రెటికిల్‌కే సరిచేయండి, రైలుకు కాదు. గీత నిటారుగా ఉన్నప్పుడు రైఫిల్ ఒక డిగ్రీ ఒరిగినా దూరంలో వచ్చే తేడా ఒక సెంటీమీటరు లోపే, కనుక దాని గురించి బెంగపడనక్కరలేదు.

తర్వాత 100 మీటర్ల వద్ద పొడవైన కాగితంపై తూకం గుండుతో నిలువు గీత గీసి, కింది గురిపై కొన్ని తూటాలు, 10 మిల్స్ తిప్పి అదే గురిపై మరికొన్ని కాల్చండి. రెండో గుంపు సరిగ్గా ఒక మీటరు పైన, గీత మీదే పడాలి. ఆ దూరంలో తూటా తిరుగుడు వల్ల కలిగే జరుగుడు లెక్కలోకి రాదు కనుక, పక్కకు పడితే తప్పు స్కోప్‌దో, దాని అమరికదో అవుతుంది.

గీత దారంపైనే నిలిచి, టరెట్ తిప్పినప్పుడు మాత్రం గురి కేంద్రం దారం నుంచి తప్పుకుంటే అది స్కోప్ లోపలి లోపం. అది అరుదు, తయారీదారుకు పంపించండి.