ఎకరానికి ఎంతమంది: మన మండలం లెక్కను బంగ్లాదేశ్‌తో సరిగ్గా పోల్చే పద్ధతి

బంగ్లాదేశ్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 1,119, తెలంగాణది 312. ఈ రెండు అంకెలూ చాలా నోట్సుల్లో పక్కపక్కనే ఉంటాయి. కానీ మొదటిది 2022 జనగణన తర్వాత వచ్చింది, రెండోది 2011 నాటిది. పోల్చాలంటే ఒకే ఏడాదివి తీసుకోవాలి. 2011లో బంగ్లాదేశ్‌ది 976.

చదరపు కిలోమీటరంటే చాలామందికి కళ్లకు కట్టదు. ఎకరాల్లోకి మార్చండి. 247 ఎకరాలైతే ఒక చదరపు కిలోమీటరు. 2011లో బంగ్లాదేశ్‌లో ఎకరానికి దాదాపు నలుగురు, తెలంగాణలో ఒకటింబావు. 2022 నాటికి అక్కడ నలుగురున్నర అయ్యారు. వాళ్ల ఇల్లు, వరిమడి, బాట, బడి, పక్కన పారే నదిలో వాళ్ల వాటా, అన్నీ ఆ ఒక్క ఎకరంలోనే సర్దుకోవాలి.

ఇదే లెక్క మీ ఊరికి, మీ మండలానికి చేయొచ్చు. గ్రూప్స్‌కు చదివేవాళ్లైనా, పంచాయతీ కార్యదర్శులైనా, ఊరి చరిత్ర రాసేవాళ్లైనా భాగహారంలో తప్పడం తక్కువ. ఏ అంకె పక్కన ఏ అంకె పెట్టాలన్న దగ్గరే తప్పుతారు.

ఊరి అంకె ఎక్కడ దొరుకుతుంది

2011 జనగణన నాటికి తెలంగాణ రాష్ట్రం లేదు. సెన్సస్ వెబ్‌సైట్లో ఆంధ్రప్రదేశ్ (రాష్ట్ర కోడ్ 28) కింద మీ పాత జిల్లా తెరవాలి. ఇక్కడ ఉదాహరణకు వరంగల్ (జిల్లా కోడ్ 540) తీసుకుందాం. రెండు ఫైళ్లు కావాలి. జనం లెక్కలు ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్‌లో ఉంటాయి. విస్తీర్ణం జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లోని విలేజ్ డైరెక్టరీలో హెక్టార్లలో ఉంటుంది, వందతో భాగిస్తే చదరపు కిలోమీటర్లు వస్తాయి. రెండు ఫైళ్లను కలిపేటప్పుడు ఊరి పేరును నమ్ముకోవద్దు, ఆరంకెల గ్రామ కోడ్‌తో కలపండి. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో ఫైల్లో ఒక్కో తీరుగా ఉంటుంది. రాంపూర్ లాంటి పేర్లు ఒక్క ఊరికే ఉండవు.

పేరు ఎంత వెతికినా దొరకడం లేదంటే మీరు పంచాయతీ పేరు వెతుకుతున్నారేమో చూసుకోండి. జనగణన లెక్క రెవెన్యూ గ్రామాల వారీగా ఉంటుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు కొత్తగా పంచాయతీలయ్యాయి. వాటి జనం 2011 లెక్కలో పాత రెవెన్యూ గ్రామం కిందే కలిసి ఉన్నారు. అందాజాగా విడగొట్టొద్దు, పాత గ్రామం మొత్తానికే లెక్క చెప్పండి. కొన్ని ఊర్లకు జనాభా సున్నా అని ఉంటుంది. అది అచ్చు తప్పు కాదు, బేచిరాగ్ గ్రామం. భూమి రికార్డులో ఉంటుంది, దీపం పెట్టే ఇల్లు ఉండదు. మండల సాంద్రత కట్టేటప్పుడు ఆ ఊరి విస్తీర్ణాన్నీ కలపాలి.

ఎక్సెల్‌లో కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు కాలమ్ మొత్తాన్ని కూడేయడం. ఒకే షీట్‌లో జిల్లా వరుస, మండలం వరుస, గ్రామం వరుస మూడూ ఉంటాయి. పైగా మొత్తం, గ్రామీణ, పట్టణ అని వేర్వేరు వరుసలు. అట్లాగే కూడితే ఒకే మనిషిని నాలుగైదు సార్లు లెక్కపెట్టినట్టే. ముందు లెవెల్ కాలమ్‌లో ఫిల్టర్ పెట్టి గ్రామాలు, పట్టణాలు మాత్రమే ఉంచి కూడండి. పాత వరంగల్ జిల్లాకు 35,12,576 రావాలి. అందులో మగవాళ్లు 17,59,281, ఆడవాళ్లు 17,53,295. ఒక్క అంకె తేడా వచ్చినా ముందుకు పోవద్దు.

జిల్లా సగటు ఏం దాస్తుంది

పాత వరంగల్ విస్తీర్ణం 12,846 చదరపు కిలోమీటర్లు, సాంద్రత 273. 2016లో జిల్లాలు విడగొట్టాక అదే 2011 జనాభాను కొత్త హద్దుల్లో పోస్తే వరంగల్ అర్బన్‌కు 826 వచ్చింది, ఏటూరునాగారం అడవులున్న జయశంకర్ భూపాలపల్లికి 115. ఒకచోట ఎకరానికి ముగ్గురికి పైనే, ఇంకోచోట ఒక్క మనిషికి రెండెకరాల పైచిలుకు. 273 అనే సగటు ఈ రెండింటినీ కప్పేసింది.

అయితే ఈ కొత్త జిల్లాలు పాత వరంగల్ ముక్కలు మాత్రమే కావు. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కరీంనగర్ నుంచి వచ్చాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో కలిశాయి. చేర్యాల సిద్దిపేటకు పోయింది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. 2021లో అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్‌గా మారి మండలాలూ అటూఇటూ అయ్యాయి. అందుకే ఇప్పటి ‘వరంగల్ జిల్లా’ అంకెను 2001 నాటి వరంగల్ అంకె పక్కన పెట్టి జనం తగ్గారని రాయడం శుద్ధ తప్పు.

ఆడ, మగ లెక్క

మనం వెయ్యి మంది మగవాళ్లకు ఎంతమంది ఆడవాళ్లని చెప్తాం. బంగ్లాదేశ్‌లో వంద మంది ఆడవాళ్లకు ఎంతమంది మగవాళ్లని చెప్తారు. వాళ్ల 2022 అంకె 98. మన పద్ధతిలో చూసి ఆడవాళ్లు తక్కువనుకుంటే అర్థం తలకిందులవుతుంది. లక్షను 98తో భాగిస్తే 1,020. అక్కడ ఆడవాళ్లే ఎక్కువ.

ఎక్కువ ఉన్నారంటే ఆడపిల్లకు విలువ ఉన్నట్టేనా? తొందరపడొద్దు. 2011లో నిజామాబాద్‌కు 1,040, కరీంనగర్‌కు 1,008 వచ్చాయి. దుబాయ్, మస్కట్ పోయిన మగవాళ్లు జనగణన రోజు ఇంట్లో లేరు, లెక్కలోకి రాలేదు. బంగ్లాదేశ్ నుంచి కూడా లక్షలాది మంది గల్ఫ్‌కు పోతారు. ఆడపిల్లల సంగతి తెలియాలంటే ఏడేళ్లు నిండని పిల్లల నిష్పత్తి చూడాలి, ఎందుకంటే ఆ వయసులో ఎవరూ వలస కూలికి పోరు. తెలంగాణ మొత్తం నిష్పత్తి 988 ఉంటే పిల్లల్లో 932 మాత్రమే. మీ ఊరికి రెండూ కట్టి పక్కపక్కన రాయండి. దాచాల్సిన అంకె కాదది, గ్రామసభలో చదవాల్సిన అంకె. చిన్న ఊర్లో పిల్లలు వంద మందే ఉంటే నలుగురైదుగురి తేడాకే నిష్పత్తి ఎగిరిపడుతుంది, అప్పుడు మండలం లెక్కను నమ్మండి.

పెరుగుదల

వరంగల్ 2001లో 32,46,004, 2011లో 35,12,576. పదేళ్లలో 8.21 శాతం. దీన్ని పదితో భాగించి ఏడాదికి 0.82 అనొద్దు, చక్రవడ్డీ లాగా కట్టాలి. ఫోన్ కాలిక్యులేటర్‌ను సైంటిఫిక్‌లోకి మార్చి 1.0821 కొట్టి, ఎక్స్ పవర్ వై నొక్కి, 0.1 ఇవ్వండి. 1.0079 వస్తుంది, అంటే ఏడాదికి 0.79 శాతం.

బంగ్లాదేశ్‌తో ఇక్కడ రెండు చిక్కులు. వాళ్ల రెండు జనగణనల మధ్య పదేళ్లు కాదు, 2011 మార్చి నుంచి 2022 జూన్ దాకా పదకొండేళ్ల మూడు నెలలు. కాబట్టి 0.1 బదులు 1ని 11.25తో భాగించి ఇవ్వాలి. రెండోది, ప్రతి జనగణనకూ వాళ్ల దగ్గర రెండు అంకెలున్నాయి: ఇంటింటా లెక్కపెట్టింది, తప్పిపోయినవాళ్లను తర్వాతి తనిఖీతో కలిపి సరిచేసింది. 2011కు 14,40,43,697, 14,97,72,364. 2022కు 16,51,58,616, 16,98,28,911. లెక్కపెట్టినవాటిని పోలిస్తే ఏడాదికి 1.22 శాతం, సరిచేసినవాటిని పోలిస్తే 1.12. పాత దాంట్లో లెక్కపెట్టిన అంకె, కొత్త దాంట్లో సరిచేసిన అంకె పెడితే 1.47 వస్తుంది. అంత పెరుగుదల ఎక్కడా లేదు, అది మనం పుట్టించింది.

అక్షరాస్యత

చదువు వచ్చినవాళ్లను మొత్తం జనంతో భాగించొద్దు, ఏడేళ్లు నిండని పిల్లలను తీసేసి భాగించాలి. లెక్క కోసం ఒక ఊరు అనుకోండి: జనం 3,200, పిల్లలు 310, చదువు వచ్చినవాళ్లు 1,734. సరైన లెక్క 1,734ను 2,890తో భాగిస్తే 60 శాతం. 3,200తో భాగిస్తే 54కు పడిపోతుంది.

ఇప్పటి జనాభా కావాలంటే

2011 అంకెను పాత వేగంతో పెంచుకుంటూ పోవద్దు, ముఖ్యంగా వరంగల్ చుట్టుపక్కల ఊర్లకు. సర్వేలను వాడేటప్పుడూ జాగ్రత్త. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు పట్నాల్లో ఉండేవాళ్లు సొంతూళ్లకు వచ్చి పేర్లు రాయించుకున్నారు, అందుకే ఊర్ల లెక్క ఉబ్బి ఉంటుంది. 2024 ఇంటింటి సర్వేకు కొన్ని కుటుంబాలు అందలేదు. ఈ రెండింటినీ జనగణన పక్కన పెట్టి పెరుగుదల శాతం కట్టొద్దు.

2027 జనగణనకు ప్రకటించిన లెక్క రోజు మార్చి 1. ఆ అంకెలు కొత్త జిల్లాలు, కొత్త మండలాల వారీగా వస్తాయి. 2011తో పోల్చాలంటే ఇప్పుడే ఒక షీట్ తయారు చేసి పెట్టుకోండి: 2011 గ్రామ కోడ్, విస్తీర్ణం, అప్పటి మండలం, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా, కార్పొరేషన్‌లో కలిసిందా లేదా. మండలానికి ఇరవై ముప్పై వరుసలే అవుతాయి, ఒక సాయంత్రం పని.