లాయరు కాకపోయినా డిజబిలిటీ కేసులు చూడొచ్చు: అమెరికాలో రిజిస్ట్రేషన్, ఫీజు నియమాలు

పోయిన నెల ఒకావిడ మా ఇంటికి వచ్చారు. భర్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. సోషల్ సెక్యూరిటీ డిజబిలిటీ (జబ్బుతో పని చేయలేనివారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సొమ్ము) ఇప్పిస్తానని మన తెలుగాయనే ఒకరు 1,500 డాలర్లు క్యాష్ తీసుకున్నారట. రసీదు లేదు. ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటే ఆ కేసులో రిప్రజెంటేటివ్‌గా ఎవరి పేరూ లేదన్నారు. ఈ పని చేయాలనుకునేవాళ్ళూ, చేయించుకునేవాళ్ళూ ఇద్దరూ తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

క్లెయిమ్ వేసినవారి తరపున మాట్లాడటానికి లాయరే అయ్యుండాలని లేదు. మంచి పేరుండి, నిజంగా సాయపడగలిగి, సోషల్ సెక్యూరిటీ వాళ్ళు సస్పెండ్ చేయనివారు ఎవరైనా రిప్రజెంటేటివ్‌గా ఉండొచ్చు. మనిషినే నియమించుకోవాలి, సంస్థను కుదరదు. అందుకే "మా ఏజెన్సీ చూసుకుంటుంది" అంటే, ఫారం మీద ఎవరి పేరు రాస్తారో అడగండి. ఫీజు తీసుకుని చేయాలంటే వీసా సంగతి కూడా చూసుకోవాలి. వర్క్ పర్మిట్ లేని హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తల వీసా) వాళ్ళు డబ్బు తీసుకోకూడదు. హెచ్-1బీ వాళ్ళకి సైడు సంపాదనగా ఇది కుదరదు.

మొదట సోషల్ సెక్యూరిటీ వాళ్ళ ఎస్‌ఎస్‌ఏ-1699 ఫారంతో రిజిస్టర్ చేసుకుని రిప్రజెంటేటివ్ ఐడీ తెచ్చుకోవాలి. తర్వాత ప్రతి కేసుకూ రిప్రజెంటేటివ్‌గా నియమించే ఫారం, ఎస్‌ఎస్‌ఏ-1696, విడిగా పెట్టాలి. దాని మీద క్లెయిమ్ వేసినవారు, మీరు ఇద్దరూ సంతకం చేయాలి. ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. ఇంతవరకు పెద్ద కష్టం లేదు.

చాలామంది దెబ్బతినేది ఫీజు ఒప్పందం దగ్గర. ఇద్దరి సంతకాలతో ఆ ఒప్పందం, కేసు గెలిచినట్టు మొదటి నిర్ణయం రాకముందే ఆఫీసుకు చేరాలి. ఫీజు, క్లెయిమ్ వేసినవారికి పాత నెలలకు రావాల్సిన బకాయిలో 25 శాతం లేదా గరిష్ఠ పరిమితి, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంత. 2024 నవంబరు 30న ఆ పరిమితిని 9,200 డాలర్లు చేశారు. ఆ లెక్కన చూస్తే: బకాయి 20,000 వస్తే ఫీజు 5,000 దాటకూడదు. 48,000 వస్తే 25 శాతం 12,000 అవుతుంది కానీ 9,200 దగ్గరే ఆగాలి. ఒప్పందం పెట్టడం మర్చిపోయారా, ఎస్‌ఎస్‌ఏ-1560తో ఫీజు పిటిషన్ వేసి, ఏ రోజు ఏ పనికి ఎంత సమయం పట్టిందో లెక్క చూపించాలి. అందుకే మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కులో రాసుకోండి: "డాక్టరు ఆఫీసుకి ఫోన్, 20 నిమిషాలు" అని, ఆ వివరంతో.

సోషల్ సెక్యూరిటీ వాళ్ళు ఆమోదించకుండా ఫీజు పుచ్చుకోవడం చట్టరీత్యా నేరం. క్లెయిమ్ వేసినవారు ఇష్టపడి ఒప్పుకుంటే ముందస్తు సొమ్మును ట్రస్టు ఖాతాలో ఉంచొచ్చు, ఆమోదం వచ్చేదాకా ముట్టుకోకూడదు. మెడికల్ రికార్డుల కాపీలకయిన అసలు ఖర్చు వేరే అడగొచ్చు. ఆ బిల్లు చూపించమనండి. తెలుగు దుబాసీ కోసం అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. లాయరుకైతే బకాయిలోంచి ఫీజు కోసి ప్రభుత్వమే నేరుగా ఇస్తుంది. లాయరు కానివారికి ఆ సౌకర్యం దానంతటదే రాదు. బకాయి మొత్తం క్లెయిమ్ వేసినవారికే వెళ్తుంది, ఆమోదించిన ఫీజు మనమే అడిగి తీసుకోవాలి. నేరుగా చెల్లింపు కావాలంటే డిగ్రీ, లేదా హైస్కూలు చదువుతో పాటు నాలుగేళ్ళ సంబంధిత అనుభవం ఉండాలి. బీమా, నేర చరిత్ర తనిఖీ, రాతపరీక్ష కూడా కావాలి. దరఖాస్తుకు ముందు 24 నెలల్లో కనీసం 5 మంది తరపున పనిచేసి ఉండాలి. అంటే మొదటి ఐదు కేసులూ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో తెలియకుండానే చేయాలి. ఇది ముందే తెలుసుకుని దిగితే టెన్షన్ ఉండదు.

తేదీలు తప్పితే నష్టపోయేది జబ్బుమనిషి. తిరస్కరణ లెటర్ అందిన 60 రోజుల్లో అప్పీలు చేయాలి. హియరింగ్‌కి 5 పనిదినాల ముందే రికార్డులు ఇవ్వాలి, లేదంటే అవి ఉన్నాయని జడ్జికి చెప్పాలి. అప్పీల్స్ కౌన్సిల్ (సోషల్ సెక్యూరిటీలోనే హియరింగ్ తర్వాతి అప్పీలు మెట్టు) దాకా మనం వెళ్ళొచ్చు. ఫెడరల్ కోర్టులో మాత్రం ఇంకొకరి తరపున వాదించాలంటే లాయరే కావాలి.

ఇప్పటికే ఎవరికైనా క్యాష్ ఇచ్చి ఉంటే భయపడకండి. మీ రిప్రజెంటేటివ్‌ను ఎప్పుడైనా రాతపూర్వకంగా తొలగించొచ్చు. దానివల్ల మీ క్లెయిమ్ పోదు. వాట్సాప్ మెసేజులు చెరపకుండా ఉంచి సోషల్ సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసుకు (మోసాలను దర్యాప్తు చేసే విభాగం) ఫిర్యాదు చేయండి. ఆవిడ అదే చేశారు. వాళ్ళాయన కొత్తగా పెట్టిన ఎస్‌ఎస్‌ఏ-1696 మీద ఎడమచేత్తో, నెమ్మదిగా, వంకర టింకరగా సంతకం పెట్టారు. ఆ సంతకమూ చెల్లుతుంది.